ఒకే కొలబద్ద, ఇద్దరు రావులు

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన ఇద్దరు రావులు మనిషి మనసును అంకెల్లోకి దించడానికి పూనుకున్నారు. ఒకరు కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకానికి సి.ఆర్.రావు. మరొకరు కోనేరు రామకృష్ణారావు. మొదటాయన మానసిక బాధలున్నవారి పరీక్ష మార్కులు ముందేసుకుని, ఏ బాధ ఏ గుంపుదో ఆ మార్కులు ఎంతవరకు చెప్పగలవో లెక్కగట్టారు. రెండో ఆయన కంటికీ చెవికీ అందనిది మనసుకు అందుతుందా అని అడిగి, జవాబును కార్డుల లెక్కలో వెతికారు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఇంగ్లండులో ఆర్.ఎ.ఫిషర్ పదును పెట్టిన కొలబద్దే. మొదటాయనకు ఫిషర్ స్వయానా గురువు. రెండో ఆయనకు ఆ గురుత్వం పుస్తకాల ద్వారా, డ్యూక్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాల ద్వారా అందింది.

ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదివితే నాకు తోచింది ముందే చెప్పేస్తాను. గణితంలో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. లెక్క మొదలుపెట్టక ముందు ఎవరు ఎన్ని మాటలు ఖాయం చేసుకున్నారన్న దగ్గరే దారులు విడిపోయాయి. ఒకరి పని నిలబడటానికీ, మరొకరి పని యాభై ఏళ్లు వాదంలోనే ఉండిపోవడానికీ కారణం అదే.

మా చెరుకు మండలం బుచ్చయ్యపేటలో కూచుని ఈ పోలిక దేనికని అడగవచ్చు. ఇప్పుడు మనసును కొలిచే పని విశ్వవిద్యాలయాల గోడలు దాటి ఇక్కడిదాకా వచ్చింది. ప్రభుత్వ సేవలతో సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి, లేకుంటే రెండు నొక్కండి అనే ఫోను గొంతు వినని ఇల్లు ఈ చుట్టుపక్కల తక్కువ. ట్యాబు పట్టుకుని వచ్చి, గత రెండు వారాల్లో ఎన్ని రోజులు దిగులుగా ఉన్నారని అడిగే ఆరోగ్య సిబ్బంది ఉన్నారు. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ప్రశ్నల ఫారం వాట్సాప్‌లో తిప్పే పిల్లలు ఉన్నారు. వడ్డాది సెంటర్లో టీ తాగుతున్న చెరుకు రైతు జవాబు ఎక్కడో ఒక సగటులో కలిసి, పత్రికలో శాతంగా అచ్చవుతుంది. ఆ శాతం వెనక ఏ రావు దారి ఉందో తెలిస్తే దాన్ని ఎంత నమ్మాలో తెలుస్తుంది.

సి.ఆర్.రావు 1920లో హడగళిలో, తెలుగు కుటుంబంలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ బళ్లు తిరిగి విశాఖపట్నం చేరి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. తర్వాత కలకత్తా వెళ్లి 1943లో స్టాటిస్టిక్స్‌లో ఎం.ఏ. చేశారు. 1945లో, పాతికేళ్ల వయసులో, ఆయన అచ్చువేసిన ఒక్క వ్యాసం నుంచే క్రామర్-రావు హద్దు, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం వచ్చాయి. అక్కడి నుంచి కేంబ్రిడ్జి మ్యూజియానికి వెళ్లి, సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన ఎముకల కొలతలతో కుస్తీ పట్టారు. ఫిషర్ దగ్గర డాక్టరేటు ఆ రోజుల్లోనే. ఈ ఎముకల పని మీదే మన చూపు నిలవాలి. పుర్రె పొడవు, వెడల్పు, దవడ కొలత వేరువేరుగా చూస్తే ఏ జనసమూహమో తేలదు. అన్నీ కలిపి చూడాలి, కలిపేటప్పుడు దేనికి ఎంత బరువివ్వాలో లెక్క చెప్పాలి. 1949లో ఆయన ఇదే పద్ధతిని ప్యాట్రిక్ స్లేటర్‌తో కలిసి మనసు మీదికి తెచ్చారు. న్యూరోటిక్ గుంపుల మధ్య తేడాలపై ఆ వ్యాసం బ్రిటిష్ మనస్తత్వ శాస్త్ర పత్రికలో వచ్చింది.

ఆ పద్ధతి పేరు డిస్క్రిమినెంట్ విశ్లేషణ. పేరు భయపెట్టినా పని అనకాపల్లి బెల్లం మార్కెట్లో రోజూ జరిగేదే. దిమ్మ రంగు ఒక్కటే చూసి ధర పలికే వ్యాపారి ఉండడు. రంగు, గట్టిదనం, పలుకు, నాలుక మీద ఉప్పదనం అన్నీ ఒక్కసారిగా తూచి ఇది ఫలానా రకం అంటాడు. ఒక్కో గుణానికి ఎంత విలువివ్వాలో అతనికి అనుభవం నేర్పింది. సి.ఆర్.రావు ఆ విలువలను సమీకరణంలో రాసి, ఈ తూకంతో ఎన్నిసార్లు సరిగా చెబుతాం, ఎన్నిసార్లు తప్పుతాం అన్నది కూడా లెక్కగట్టి చూపించారు. నాకు విలువైనదిగా తోచేది ఆ రెండో భాగం. ఆందోళన, హిస్టీరియా, అబ్సెషన్ అని వైద్యులు పేర్లు పెట్టిన గుంపుల మార్కులు ఒకదాని మీద ఒకటి ఎంత మేర పడుతున్నాయో, ఎక్కడ విడదీయడం సాధ్యమో ఈ పద్ధతి చెబుతుంది. తేడా ఉందా లేదా అన్న ప్రశ్నతో అది ఆగదు. ఎంత ఉంది, ఆ ఎంతతో ఏం పని జరుగుతుంది అని అడుగుతుంది.

దీనికి లోటు లేకపోలేదు, ఉన్న లోటు చిన్నదీ కాదు. గుంపుల పేర్లు వైద్యుడు పెట్టినవి. నమూనా ఆ పేర్లను నిజమని తీసుకుని మొదలవుతుంది. వైద్యుడే పొరబడి ఉంటే, ఆ పొరపాటును ఎంత కచ్చితంగా తిరిగి చేయవచ్చో లెక్క చెబుతుంది తప్ప, పొరపాటని చెప్పలేదు. ఇవాళ హిస్టీరియా అన్న పేరు వైద్యుల వర్గీకరణ పట్టికల్లోనే లేకుండా పోయింది. అంటే అప్పటి లెక్క సరైనదే, లెక్కించిన వస్తువు కరిగిపోయింది. సి.ఆర్.రావు 1955లో సైకోమెట్రికా పత్రికలో ఫ్యాక్టర్ అనాలిసిస్ గురించి రాసిన వ్యాసం ఈ చిక్కుకు కొంత దగ్గరగా వెళుతుంది. పైకి కనిపించే మార్కుల వెనక దాగిన గుణాలు ఎన్ని, అవి నిజంగా ఉన్నాయనడానికి పరీక్ష ఏమిటి అన్నది అక్కడి ప్రశ్న. ముందు ఒక నమూనా రాయి, అది తప్పయితే దత్తాంశం ఎలా కనిపిస్తుందో చెప్పు, తర్వాత చూడు. ఆయన క్రమశిక్షణ అంతా ఈ మూడు మెట్లలో ఉంది.

కోనేరు రామకృష్ణారావు దారి వేరు. 1932లో పుట్టారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదివారు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం చేరి, అతీంద్రియ గ్రహణాన్ని ప్రయోగశాలకు ఎక్కించిన జె.బి.రైన్ దగ్గర పనిచేశారు. 1966లో ప్రయోగాత్మక పారాసైకాలజీపై పుస్తకం తెచ్చారు. 1967లో వాల్తేరులో సైకాలజీ, పారాసైకాలజీ శాఖను నెలకొల్పారు. ఆ రెండు మాటలు ఒకే బోర్డు మీద ఉన్న విశ్వవిద్యాలయ శాఖ ప్రపంచంలోనే అరుదు. రైన్ సంస్థకు తర్వాత డైరెక్టరయ్యారు, 1980లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలరయ్యారు, 2011లో పద్మశ్రీ అందుకున్నారు, 2021లో కన్నుమూశారు. ఆయన్ని దయ్యాల శాస్త్రజ్ఞుడని నవ్వేవాళ్లు ఆయన రాసింది చదవలేదని నాకు గట్టి అనుమానం. తన మీద వచ్చిన విమర్శను ముందుగా తానే పూర్తిగా చెప్పి, ఆ తర్వాత జవాబిచ్చే పద్ధతి ఆయనది.

కార్డుల సంగతి కొంచెం నిదానంగా చూద్దాం, అసలు చిక్కంతా అక్కడే ఉంది. జెనర్ కార్డుల కట్టలో 25 ఉంటాయి. వలయం, శిలువ, అలలు, చదరం, నక్షత్రం, ఒక్కోటీ అయిదేసి. కనపడని కార్డు ఏదో చెప్పాలి. ఊరికే ఊహించినా 25లో సగటున 5 సరిపోతాయి. సామాన్య లెక్క ప్రకారం ప్రమాణ విచలనం, అంటే ఆ సగటుకు అటూ ఇటూ మామూలుగా ఊగే దూరం, 2. కాబట్టి ఒక విడతలో 7 వచ్చినా, 3 వచ్చినా ఆశ్చర్యపడక్కర్లేదు. ఇప్పుడు 10,000 విడతలు ఆడించామనుకోండి. ఊహకు 50,000 సరిపోవాలి, ప్రమాణ విచలనం 200 అవుతుంది. మనకు 50,500 వచ్చాయనుకుందాం. విడతకు సగటు 5.05. ఆడినవాడికి గానీ ఆడించినవాడికి గానీ ఆ 0.05 తేడా కంటికి ఆనదు. కానీ లెక్కలో అది రెండున్నర ప్రమాణ విచలనాల దూరం. యాదృచ్ఛికంగా అంత దూరం పోవడం వందలో ఒకటి రెండు సార్లకు మించదని పట్టిక చెబుతుంది. పరీక్షలో అది ఘనవిజయం. కార్డులు కలపడంలో రవ్వంత లోపం, రాసుకునేవాడి చేతిలో రవ్వంత జారుడు ఉన్నా ఇంతే తేడా వస్తుంది. ఆ రెంటినీ విడదీసి చెప్పే శక్తి ఈ లెక్కకు లేదు.

తమాషా ఏమిటంటే ఫిషర్‌కూ ఈ ఆటతో పరిచయం ఉంది. 1924లో పేకముక్కల ఊహలకు మార్కులెలా వేయాలో ఆయన ఒక వ్యాసమే రాశారు. 1935 నాటి పుస్తకంలో ఆయన చెప్పిన ప్రసిద్ధమైన టీ ప్రయోగం కూడా గ్రహణం గురించినదే. పాలు ముందు పోశారా, డికాక్షన్ ముందు పోశారా అన్నది రుచి చూసి చెప్పగలనన్న ఆవిడకు ఎనిమిది కప్పులిచ్చారు, నాలుగు అలా, నాలుగు ఇలా. ఊహించి అన్నీ సరిగా చెప్పే అవకాశం 70లో 1. జెనర్ కార్డులదీ అదే అచ్చు. కానీ టీ విషయంలో నాలుక అనేదొకటి ఉందని అందరం ఒప్పుకుంటాం. యాదృచ్ఛికం కాదని తేలితే మిగిలేది రుచి. కార్డుల విషయంలో యాదృచ్ఛికం కాదని తేలితే మిగిలేది పెద్ద జాబితా. అందులో అతీంద్రియ శక్తి ఒకటి, కార్డు వెనక గీత కనపడటం ఒకటి, అలసిన గుమాస్తా ఒకటి. 1937లో అమెరికా గణిత సాంఖ్యక సంస్థ అధ్యక్షుడు బర్టన్ క్యాంప్, రైన్ లెక్కల్లో తప్పు లేదని, తప్పు పట్టదలిస్తే మరోచోట పట్టమని ప్రకటించారు. పారాసైకాలజీ వాళ్లు దాన్ని ప్రశంసాపత్రంలా చూపించుకున్నారు. జాగ్రత్తగా చదివితే అది హెచ్చరిక. తప్పు ఎక్కడుండవచ్చో వేలుపెట్టి చూపించింది. గారడీ నేర్చిన గణాంక శాస్త్రవేత్త పెర్సీ డయకోనిస్ 1978లో ఆ మరోచోటును వెతికి చూపించాడు. ఒక్కో ఊహ తర్వాత కార్డు చూపిస్తూ పోతే, మిగిలినవి లెక్కపెట్టుకునే మనిషి మామూలు తెలివితోనే అయిదు దాటిపోతాడు.

రామకృష్ణారావు సొంత ఆలోచన మీద నా అసలు అభ్యంతరం ఉంది. రైన్ కాలం నుంచే ఒక మాట ఉంది. అయిదు కంటే ఎక్కువ వస్తే శక్తి ఉన్నట్టు, మరీ తక్కువ వస్తే శక్తి తలకిందులుగా పనిచేసినట్టు. రామకృష్ణారావు దీనికి ఇంకొక అంతస్తు కట్టారు. ఒకే మనిషికి రెండు రకాల లక్ష్యాలిస్తే, ఉదాహరణకు రెండు భాషల మాటలిస్తే, ఒకదానిలో ఎక్కువా మరొకదానిలో తక్కువా వచ్చే మొగ్గు కనిపిస్తుందన్నారు. దీని మీద 1960ల మొదట్లో వరస ప్రయోగాలు చేశారు, దీనికి డిఫరెన్షియల్ ఎఫెక్ట్ అని పేరు. ఒంటరిగా చూస్తే ఇది దిట్టమైన పరికల్పన, పరీక్షించదగినది కూడా. అయితే మొత్తం ఎక్కువొస్తే ఫలితం, మొత్తం తక్కువొస్తే ఫలితం, మొత్తం సరిగ్గా అయిదే వచ్చి రెండు సగాల మధ్య తేడా ఉంటే ఫలితం, ఆట సాగేకొద్దీ మార్కులు తగ్గుతూ పోతే అదీ ఫలితం, పక్క కార్డుతో సరిపోతే అదీ ఫలితం అన్నప్పుడు, ఏది వస్తే ఓటమి? ఒకదానితో ఒకటి సంబంధం లేని అయిదు పరీక్షలు, ఒక్కోదానికి నూటికి అయిదు పొరపాటు చొప్పున చేస్తే, ఏదో ఒకటి ఊరికే గెలిచే అవకాశం నూటికి 23 దాకా పోతుంది. పది చేస్తే 40.

సి.ఆర్.రావు నమూనాకు ఓడిపోయే వీలుంది, రామకృష్ణారావు నమూనాకు ఆ వీలు తక్కువ. ఇదీ ఇద్దరి మధ్య నేను చూసే గీత. మొదటాయన ఆందోళన గుంపు ఇలా ఉంటుంది, మామూలు గుంపు ఇలా ఉంటుంది అని రెండువైపులా రాసుకుని, రెంటి మధ్య దూరం కొలిచారు. రెండో ఆయన ఒకవైపే రాసుకున్నారు. యాదృచ్ఛికం ఎలా ఉంటుందో నిష్ఠగా రాసి, రెండో వైపు ఖాళీగా వదిలారు. ఆ ఖాళీలో ఏది వచ్చి కూచున్నా దాన్ని శక్తి అన్నారు. శక్తి ఎంత ఉంటుంది, దూరంతో తగ్గుతుందా, ఎప్పుడు రాదు అన్నదానికి ముందస్తు జవాబు లేదు. ఒక పక్క మాత్రమే రాసిన నమూనాను నేను సగం నమూనా అంటాను.

ఇక్కడితో ఆపేస్తే రామకృష్ణారావుకు అన్యాయం చేసినవాణ్నవుతాను. ఆ సగం నమూనా ఆయన ఒక్కరిది కాదు, ఇరవయ్యో శతాబ్దపు మనస్తత్వ శాస్త్రంలో ఎక్కువ భాగానిది. 2011లో డారిల్ బెమ్ అనే పేరున్న మనస్తత్వవేత్త, భవిష్యత్తు ముందే మనసుకు తడుతుందని తొమ్మిది ప్రయోగాలతో, వెయ్యి మందికి పైగా విద్యార్థులతో, ఆ రంగంలోని అగ్ర పత్రికలో వ్యాసం వేశాడు. వాడిన పద్ధతులన్నీ అందరూ రోజూ వాడేవే. ఈ ఫలితం అబద్ధమైతే మనవి ఎన్ని నిజాలని అప్పుడు మిగతావాళ్లకు చెమటలు పట్టాయి. 2015లో వంద అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే 36 శాతంలోనే తేడా మళ్లీ నిలిచింది. అసలు వ్యాసాల్లో అది 97 శాతం. ఒక విషయంలో పారాసైకాలజీ వాళ్లే ముందున్నారు. 1974లో రైన్ సంస్థ అప్పటి డైరెక్టరే (రామకృష్ణారావు కాదు, ఆయనకు ముందటివాడు) ఫలితాలు దిద్దుతూ పట్టుబడ్డాడు, ఆ సంగతిని రైన్ స్వయంగా అచ్చులో పెట్టాడు. ఓడిన ప్రయోగాలను దాచకూడదని వాళ్ల సంఘం 1975లోనే తీర్మానించుకుంది. తక్కిన మనస్తత్వ శాస్త్రానికి ఆ బుద్ధి రావడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది. 1987లో రామకృష్ణారావు, జాన్ పామర్ రాసిన వ్యాసం శాస్త్ర పత్రిక బిహేవియరల్ అండ్ బ్రెయిన్ సైన్సెస్‌లో జేమ్స్ ఆల్కాక్ ఖండన వ్యాసం పక్కనే వచ్చింది, చుట్టూ డజన్లకొద్దీ పండితుల వ్యాఖ్యలతో. శత్రువుతో ఒకే పందిట్లో కూచోవడానికి సిద్ధపడిన ఆ తెగువ మన విశ్వవిద్యాలయాల్లో ఎంతమందికి ఉంది?

చివరి దశాబ్దాల్లో ఆయన కార్డుల నుంచి యోగానికీ, చైతన్యానికీ, మనిషి క్షేమానికీ మళ్లారు. ఆనంద్ పరాంజపేతో కలిసి 2016లో భారతీయ సంప్రదాయంలో మనస్తత్వ శాస్త్రంపై రాసిన పుస్తకం ఆ ప్రయాణపు ఫలం. అందులో సాధకుడి సొంత అనుభవానికి పెద్దపీట వేశారు. జీవితమంతా లెక్కపెట్టిన మనిషి లెక్కకు అందనిదాన్ని చివరికి లెక్క బయటే ఉంచడం నాకు ఆయన కార్డుల ప్రయోగాల కంటే నిజాయితీగా కనిపిస్తుంది.

క్షేమాన్ని లెక్కలో ఇరికించే పని మాత్రం ఆగలేదు, పెరిగింది. హ్యాడ్లీ క్యాంట్రిల్ 1965లో అచ్చయిన పుస్తకంలో ఒక నిచ్చెన వేశాడు. అడుగున మీకు తోచినంత చెడ్డ బతుకు, పైన మీకు తోచినంత మంచి బతుకు, మీరు ఏ మెట్టు మీదున్నారు? భారతదేశంలోనూ అప్పుడే అడిగారు. 2012 నుంచి వస్తున్న ప్రపంచ ఆనంద నివేదికకు ఆధారం ఈ నిచ్చెనే. 2018లో అందులో మన దేశం 156 దేశాల్లో 133వది, ఫిన్లాండ్ మొదటిది. అదే ఏడాది ఏప్రిల్‌లో అమరావతిలో ఆనంద నగరాల సదస్సు జరిగింది. ఆ రోజుల్లో సంతోషం, సంతృప్తి శాతాలు మన ముఖ్యమంత్రుల ప్రసంగాల్లోకి ఎక్కాయి.

ఈ నిచ్చెన ఏ రావు దారి? చూపుకు మొదటి రావుదే. ఆదాయం, ఆరోగ్యం, తోడు, స్వేచ్ఛ, దాతృత్వం, అవినీతి అని ఆరు కారణాలు పెట్టి ఒక్కోదానికి ఎంత బరువో చెబుతారు. లోపల మాత్రం ఏది వస్తే ఓటమో ముందే చెప్పని రెండో రావు చిక్కు ఉంది, పైగా ఇచ్చినదాన్ని నిజమని తీసుకుని మొదలయ్యే మొదటి రావు లోటు కూడా ఉంది. నాలుగో మెట్టు నుంచి అయిదుకు ఎక్కడం, ఏడు నుంచి ఎనిమిదికి ఎక్కడం సమానమని ఎవరు చెప్పారు? మెట్ల వరస మాత్రమే మనకు తెలుసు, మెట్ల మధ్య ఎత్తు తెలియదు. ఆ ఎత్తును మార్చి రాస్తే రెండు గుంపుల సగటుల్లో ఏది పైన, ఏది కింద అన్నదే తారుమారు కావచ్చని టిమొతీ బాండ్, కెవిన్ లాంగ్ 2019లో నిరూపించారు. దేశాల ర్యాంకుల మీద పతాక శీర్షికలు రాసేవాళ్లు ఆ వ్యాసం చదవలేదనుకుంటాను.

మన రాష్ట్రంలోనే ఇంతకంటే మెరుగైన వాడకం ఉంది. ఆక్స్‌ఫర్డ్ నడిపిన యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు మూడు వేల మంది పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించింది. మనకు దగ్గర్లో శ్రీకాకుళం జిల్లా అందులో ఉంది. వాళ్లూ నిచ్చెన వాడారు, తొమ్మిది మెట్లది. తేడా ఏమిటంటే ఒక పిల్లను ఇంకొక దేశపు పిల్లతో పోల్చే పని పెద్దగా పెట్టుకోకుండా, అదే పిల్లను కొన్నేళ్ల కిందటి తనతో పోల్చే వీలు ఉంచుకున్నారు. కొందరి ఇళ్లకు పోయి, కూచుని మాట్లాడి, ఆ మాటలను అంకెల పక్కన పెట్టారు. నిచ్చెన ఎత్తులు మనిషికి మనిషికి వేరైనా, ఒక మనిషికి తన నిచ్చెన చాలావరకు తనదే.

చెరుకు పండే మండలంలో ఉన్నవాణ్ని కాబట్టి ఇంకొక అధ్యయనం చెప్పకుండా ఉండలేను. ఆనంది మణి, సెంధిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో 2013లో సైన్స్ పత్రికలో అచ్చువేశారు. తమిళనాడులో 54 ఊళ్ల నుంచి 464 మంది చెరుకు రైతులు. చెరుకు డబ్బు ఏడాదికొకసారి, కోత అయ్యాకే చేతికొస్తుంది. కోతకు ముందు చేయి ఖాళీ, తర్వాత నిండు. కోతకు ముందు 78 శాతం మంది ఏదో ఒకటి తాకట్టు పెట్టి ఉన్నారు, తర్వాత 4 శాతం. ఆ రెండు సమయాల్లోనూ అదే రైతుకు బుద్ధి పరీక్షలు పెట్టారు. బొమ్మల వరసలో లోటు పూరించే రావెన్ పరీక్షలో కోత తర్వాత సగటున 5.45 సరిగా చేశారు, ముందు 4.35. చదువు రానివాళ్లకూ సరిపోయేలా అంకెల స్ట్రూప్ పరీక్ష పెట్టారు. 5 5 5 అని చూపిస్తే కంటికి కనపడే అయిదు అనకుండా, ఎన్నున్నాయో చూసి మూడు అనాలి. కోత ముందు దానికి ఎక్కువసేపు పట్టింది, తప్పులూ ఎక్కువయ్యాయి.

చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలే రైతుకు ఈ లెక్క ఎవరూ వివరించనక్కర్లేదు. కటింగ్ ఆర్డరు ఎప్పుడొస్తుందో, డబ్బు ఎప్పుడు పడుతుందో చూస్తూ కూచున్న మనిషికి బ్యాంకు కాగితం మీద గళ్లు కూడా సరిగా కనపడవు. ఆ అధ్యయనం బలం కూడా ఆ ఆర్డర్లలోనే ఉంది. మిల్లులు అందరికీ ఒకేసారి కోత ఇవ్వవు, నెలల తరబడి వంతులవారీగా ఇస్తాయి. కాబట్టి ఒకే తేదీన ఒక రైతు కోతకు ముందుంటాడు, పక్కవాడు కోత దాటి ఉంటాడు. ఎండ, పండగ, వాన అన్నీ ఇద్దరికీ ఒకటే. రెండోసారి పరీక్ష రాయడం వల్ల అలవాటు పడి మార్కులు పెరిగాయా అన్న అనుమానానికీ, కొందరు రైతులను కోత తర్వాతే మొదటిసారి పరీక్షించి జవాబు వెతికారు. ఇక్కడ లెక్క చాలా చిన్నది, రెండు సగటుల మధ్య తేడా అంతే. సి.ఆర్.రావు సమీకరణాల పక్కన పెడితే బాలశిక్ష. బరువంతా ముందే వేసుకున్న ప్రణాళిక మోసింది.

దీని మీదా విమర్శ వచ్చింది. అదే ఏడాది విచెర్ట్స్, స్కోల్టెన్ ఇదే వ్యాసంలోని అమెరికా ప్రయోగాల లెక్కను తిరగేసి, ఆదాయాన్ని ధనిక, పేద అని రెండు ముక్కలు చేయడం వల్ల తేడా పెద్దదిగా కనపడిందని చూపించారు. 2016లో కర్వాల్హో బృందం అమెరికాలో జీతం రోజుకు ముందూ వెనకా పరీక్షిస్తే అలాంటి తేడా దొరకలేదు. నెల జీతానికీ ఏడాది చెరుకు డబ్బుకూ పోలిక లేదని నాకు అనిపిస్తుంది. కానీ అనిపించడం రుజువు కాదు, మన చెరుకు ఊళ్లలో అదే ప్రణాళికతో మళ్లీ చేస్తే తేలుతుంది. ఈ పేదరికపు అధ్యయనానికీ కార్డుల ప్రయోగానికీ తేడా ఇక్కడ స్పష్టంగా పట్టుకోవచ్చు. మణి బృందం తప్పయితే ఎలా తప్పో మనకు ముందే తెలుసు. కోత తర్వాత మార్కులు పెరగకపోతే ఓడినట్టే, తగ్గితే దాన్ని తలకిందుల గెలుపు అనే వీలు వాళ్లు ఉంచుకోలేదు.

ఇద్దరు రావులనూ, మణి బృందాన్నీ వరసగా నిలబెడితే నా ఓటు ఇలా పడుతుంది. లెక్క లోతులో సి.ఆర్.రావుకు సాటి లేరు. 2023లో అంతర్జాతీయ సాంఖ్యక బహుమతి ఆయనకు నూట రెండేళ్ల వయసులో వచ్చింది, అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. విమర్శకు ఎదురు నిలిచే గుణంలో రామకృష్ణారావుది పైచేయి, ఆయన సిద్ధాంతాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. మనిషి బతుకుకు దగ్గరగా కొలిచినవాళ్లు చెరుకు తోటల్లోకి వెళ్లిన నలుగురు.

విశాఖలోనో అనకాపల్లిలోనో సైకాలజీ ప్రాజెక్టు చేస్తున్న పిల్లలకు ఒక మనవి. ఫారం పంచే ముందు ఒక కాగితం తీసుకుని మూడు వాక్యాలు రాసి, తేదీ వేసి మీ గైడు చేత సంతకం పెట్టించండి. ఏం వస్తుందనుకుంటున్నారు, ఎంత తేడా ఉంటే దాన్ని తేడా అంటారు, ఏం వస్తే ఓడిపోయానని ఒప్పుకుంటారు. మూడో వాక్యం రాయలేకపోతే ఫారం ఆపేయండి. చెరుకు మండలాల్లో సంతృప్తి అడగడానికి వచ్చే అధికారులకూ ఒక మాట. జవాబు పక్కన తేదీతోపాటు, ఆ ఇంటికి చెరుకు డబ్బు పడిందో లేదో కూడా ఒక గడిలో రాసుకోండి. ఆ గడి లేని శాతాన్ని బుచ్చయ్యపేట రైతు నమ్మాల్సిన పని లేదు.